ప్రకృతి రచన – జీవిత చరిత్ర



ఇటీవల ఒక చిన్న పట్టణమున గ్రంథాలయము వారు ఏటేట జరుపు సాహిత్యోత్సవమునకు నేను వెళ్లితిని. రెండు దినముల సభలు. మొదటి దినము సాయంకాలము రచయితల గోష్ఠి. విషయము: ప్రకృతి రచన, జీవిత చరిత్ర. గోష్ఠిని నడుపు పని నాకు అప్పగించిరి. రేడియోలో పని చేయువాడు కనుక గడియారము చూచి ఎంతటి వక్తనైనను ఆపగలడని వారి నమ్మకము కాబోలు. ఈ రెండు విషయములను ఒక్క గోష్ఠిలో ఎందుకు కూర్చితిరని కార్యదర్శి గారిని అడిగితిని. "విడివిడిగా పెట్టడానికి వేళ చాలలేదండీ" అని ఆయన ఉన్నమాట చెప్పివేసిరి. యోచించి కుదిర్చిన పొత్తుకంటె వేళ చాలక కుదిరిన పొత్తే ఒక్కొక్కప్పుడు మేలుగా ఉండును. ఆనాటి పొత్తు అట్టిది.

వేదికపై ఇద్దరు రచయితలు కూర్చుండిరి. ఒకరు వృద్ధులు, పలువురు పెద్దల జీవిత చరిత్రలు వ్రాసినవారు. రెండవ వారు యువతి. కళాశాలలో వృక్షశాస్త్రము బోధించుచు, చెరువులను గూర్చియు కొండలను గూర్చియు వ్యాసములు వ్రాయునామె.

వృద్ధులు ముందుగా మాటలాడిరి. "చెట్టు పుట్టును, పెరుగును, పడిపోవును. ఈ దారియా, ఆ దారియా అని ఎంచుకొనుట దానికి లేదు. మనుష్యునకు కలదు. ఎంచుకొనుట ఉన్నచోటనే చరిత్ర ఉండును. కనుక జీవిత చరిత్రలో చెట్టుచేమలు వట్టి అలంకారములు. ఉన్నను ఫరవాలేదు, లేకున్నను లోటు లేదు" అని వారి వాదము.

యువతి దీనికి సమాధానము చెప్పలేదు. మరియొక కొసను పట్టుకొన్నది. "చెరువును గూర్చి వ్రాయునప్పుడు రచయిత తెర వెనుక ఉండవలెను. 'నేను' అను మాట ఎంత పెరిగిన చెరువు అంత తరిగిపోవును. కనుక ప్రకృతి రచనలో మనుష్యుని ముచ్చట ఉండరాదు" అని ఆమె అభిప్రాయము.

ఇట్లు ఇరువురును ఎవరి గట్టున వారు నిలిచిరి. ఒకరు మనుష్యుని కొరకు చెట్టును త్రోసివేసిరి. ఒకరు చెట్టు కొరకు మనుష్యుని త్రోసివేసిరి. వేళ ముగియవచ్చినది. సభలో ఎవరైన ప్రశ్న వేయవచ్చునని నేను ప్రకటించితిని. చివరి వరుసలో, భుజముపై తువ్వాలు వేసికొన్న ఒక రైతు లేచి నిలిచెను.

"అయ్యా, నాదొక సందేహమండి. మీ కథల్లోనూ పాటల్లోనూ పిట్ట, పిట్ట అని ఉంటుందండి. ఏ పిట్టో చెప్పరేమండి? అలాగే పెద్దవాళ్ల చరిత్రలు కూడా చదువుతానండి. అందరూ మంచివాళ్లే. ఏ మంచివాడో తెలియదండి."

సభ అంతయు నవ్వెను. వేదికమీది మేము ముగ్గురమును నవ్వితిమి. కాని నా నవ్వు ఎంతోసేపు నిలువలేదు. దానికి కారణము కలదు.

కొన్ని ఏండ్ల క్రిందట మా ఊరి బడిపంతులు గారు కాలము చేసిరి. నాకు అక్షరములు దిద్దించినవారు ఆయనయే. నేను ఆయనను గూర్చి పది నిముషముల ప్రసంగము వ్రాసి చదివితిని. నిరాడంబరులు, నిగర్వులు, క్రమశిక్షణకు మారుపేరు, విద్యార్థుల పాలిటి కల్పవృక్షము – ఇట్టి మాటలన్నియు అందులో ఉన్నవి. వ్రాసినప్పుడు నాకు కన్నీరు వచ్చిన మాటయు నిజము. వారము దినములకు ఆయన కుమార్తె ఒక ఉత్తరము వ్రాసినది. "అన్నయ్యగారూ, మీ ప్రసంగం విన్నాము. చాలా బాగున్నది. మీరు చెప్పిన ఆయన ఎంతో గొప్పవారు. కాని నాన్నగారు నాకు అందులో ఎక్కడా కనపడలేదు. అమ్మ చివరిదాకా విని, ఇది ఎవరి గురించమ్మా అని నన్ను అడిగింది."

ఆ ఉత్తరము నా బల్ల సొరుగులో నేటికిని ఉన్నది. ఆ రైతు అడిగిన ప్రశ్నను ఆ తల్లి అంతకు ముందే అడిగినది. ఏ పిట్ట? ఏ మంచివాడు? ఈ రెండును ఒక్క ప్రశ్నయే. నేటి ప్రసంగము ఆనాడు సభలో నేను చెప్పలేకపోయిన సమాధానము.

మన పూర్వకవులకు చూపు లేదని ఎవ్వరును అనజాలరు. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో బాతుల సంగతి చదివినవారు మరువలేరు. తెల్లవారుజామున కాలువ గట్టున బాతులు తలలు రెక్కలలో దూర్చుకొని నిద్రించుచున్నవి. కావలివారు వానిని చూచి, స్నానము చేసిన బ్రాహ్మణులు పిండి పెట్టి మరచిపోయిన బట్టలనుకొని, తీసి ఇత్తమని దిగినారు. బాతులు లేచి పోయినవి. వరిచేను కాచు పిల్లలు చూచి నవ్వినారు. బాతు నిద్రించు తీరును స్వయముగా చూడనివాడు ఈ పద్యము వ్రాయలేడు. కాని చూచి వ్రాసినవారి వెనుక, వారిని చదివి వ్రాసినవారు వచ్చిరి. వర్ణనలు పదునెనిమిదని లెక్క ఏర్పడినది. చంద్రోదయము ఉండవలెను కనుక చంద్రుడు ఉదయించెను. వనము ఉండవలెను కనుక, ఒక్క ఋతువులో పూయని పూవులన్నియు ఒక్క తోటలో పూచినవి. అట్లే చరిత్రలలో మహాపురుషుడు అను ఒక మూస ఏర్పడినది. దానిలో ఎవరిని పోసినను ఒక్క బొమ్మయే వచ్చును. నేను మా పంతులు గారిని పోసినది ఆ మూసలోనే.

ఈ మూసను తప్పించుకొన్న రెండు గ్రంథములు ఇంగ్లండు దేశమున రెండేండ్ల ఎడమున వెలువడినవి. 1789 సంవత్సరపు తేదీతో గిల్బర్ట్ వైట్ గారి సెల్‌బోర్న్ ప్రకృతి చరిత్ర. 1791లో జేమ్స్ బాస్వెల్ వ్రాసిన డాక్టర్ జాన్సన్ జీవిత చరిత్ర. ఒకటి ప్రకృతి రచనకు మొదటి మెట్టు, రెండవది జీవిత చరిత్రకు మేలుబంతి అని పేరుపొందినవి. కాని రెండింటి వెనుక ఉన్న అలవాటు ఒక్కటియే. ఆనాడు చూచినది ఆనాడే వ్రాసికొనుట.

వైట్ గారు హాంప్‌షైర్ మండలమున సెల్‌బోర్న్ అను పల్లెలో మతాచార్యులు. 1768 మొదలుకొని 1793లో మరణించువరకు, ఇరువదియైదేండ్లు, గాలి, వాన, పూవు, పిట్ట – అన్నింటికిని దినచర్య వ్రాసిరి. ఆయన గ్రంథము ఇద్దరు మిత్రులకు వ్రాసిన ఉత్తరముల కూర్పు. చూచుటకు దాదాపు ఒక్క తీరుగా ఉండు మూడు చిన్న పిట్టలు ఆ ఊరి చెట్లలో ఉండెడివి. వాని కూతలు వేరువేరని విని, అవి మూడు జాతులని ఆయన నిర్ణయించిరి. వట్టి పిట్ట అని ఊరకున్నచో ఆ మూడును నేటికిని ఒక్కటిగానే ఉండెడివేమో.

ఆయన తోటలో ఒక తాబేలు ఉండెడిది. పేరు తిమోతి. మేనత్త మరణించిన పిమ్మట, 1780లో, దానిని తన ఊరికి తెచ్చుకొనిరి. అది ఏ దినమున మట్టిలో దూరెను, ఏ దినమున వెలికి వచ్చెను, ఎంత బరువు తూగెను, వాన రాకముందు ఎట్లు మెలగెను – ఏటేట వ్రాసి పెట్టిరి. దానికి చెవులు వినవచ్చునా అని బాకా వంటి గొట్టముతో కేకలు వేసి చూచిరి, అది లక్ష్యపెట్టలేదు. ఇంతకాలము ఇంత శ్రద్ధతో దానిని మగతాబేలని పిలిచిరి. అది చనిపోయిన తరువాత డొప్పను పరీక్షించినవారు ఆడుదని తేల్చిరి! ఆ డొప్ప లండను మ్యూజియమున నేటికిని భద్రముగా ఉన్నది. తన కథలో ఉన్నది నాయకుడో నాయికయో తెలియని చరిత్రకారుడని మనము నవ్వవచ్చును. కాని ఆ పొరపాటు ఎట్లు బయటపడినది? ఆ తాబేలు ఏదో ఒక తాబేలు కాక, ఫలానా తాబేలు అగుటచేతనే గదా.

చెట్టునకును తాబేలునకును చరిత్ర లేదని చెప్పిన వృద్ధులు ఈ తిమోతిని ఎక్కడ ఉంచుదురు? ఎంచుకొనుట వలన చరిత్ర పుట్టునన్న మాట సగము నిజము. ఒకే ప్రాణిని విడువక ఏండ్ల తరబడి చూచిన చూపు వలన కూడ చరిత్ర పుట్టును.

ఇక బాస్వెల్. ఆయన జాన్సన్ గారిని మొదట కలిసికొన్నది 1763లో. ఆనాటినుండి ఆయన మాటలను, అలవాట్లను వ్రాసికొనుచు వచ్చెను. జాన్సన్ మహాపండితుడు, నిఘంటుకర్త. ఆ మాట ఎవరైనను వ్రాయగలరు. కాని జాన్సన్ గారింట హాడ్జ్ అను పిల్లి ఉండెడిదనియు, దానికి ఆల్చిప్పల మాంసము ప్రియమనియు, దానిని తెచ్చు పని నౌకరులపై పెట్టినచో వారు పిల్లిని ద్వేషింతురేమోయని ఆ వృద్ధపండితుడు తానే బజారునకు పోయి తెచ్చెడివాడనియు బాస్వెల్ వ్రాసెను. దయాళువు అను విశేషణము నూరుమారులు వ్రాసినను ఈ ఒక్క పనికి సాటిరాదు. పైగా బాస్వెల్‌కు పిల్లులనిన సరిపడదు. ఆ మాటయు దాచకుండ వ్రాసెను.

వైట్ గారు ఉత్తరములు వ్రాసిన మిత్రులలో డేన్స్ బారింగ్టన్ ఒకరు. ఆయన న్యాయశాస్త్రవేత్త. బాలుడైన మోజార్ట్ లండనుకు వచ్చినప్పుడు ఆ పసివాని సంగీతప్రజ్ఞను ఆయన స్వయముగా పరీక్షించెను. వయసు తగ్గించి చెప్పుచున్నారేమోయని, పుట్టిన ఊరినుండి జన్మదినపు నమోదును తెప్పించి మరీ చూచెను. ఆ వివరములు 1770లో రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించెను. మూడేండ్లకు అదే పత్రికలో పక్షుల పాటను గూర్చి వ్రాసెను. గూటిలోని పిల్లలను మరియొక జాతి పక్షి చెంత పెంచినచో అవి పెంచిన పక్షి పాటనే నేర్చునని అందులో తెలిపెను. పాట పాడు పిల్లవానిని, పాట నేర్చు పిట్టపిల్లను ఆయన చూచినది ఒక్క కంటితోనే. ప్రకృతి రచనను జీవిత చరిత్రను మనము వేరువేరు బీరువాలలో పెట్టుకొన్నాము గాని, వారికి ఆ గోడ లేదు.

ఇంగ్లండువరకు పోనక్కరలేదు. మన ఏనుగుల వీరాస్వామయ్య గారు చెన్నపట్టణపు సుప్రీం కోర్టులో దుబాసి. 1830 మే 18వ తేదీన కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి వచ్చిరి. దారి పొడుగునను చూచినదానిని చూచినట్లు, కోమలేశ్వరపురము శ్రీనివాస పిళ్ల గారికి వ్రాయుచు వచ్చిరి. అది 1838లో కాశీయాత్ర చరిత్ర అను పేర అచ్చయినది. ఏ మజిలీ నుండి ఏ మజిలీకి ఎన్ని కోసులు, ఎచ్చట మంచినీరు దొరకును, ఎచ్చట దారి రాళ్లమయము, ఏ ఊర ఏ వస్తువులు దొరకును – ఇవియే ఆ గ్రంథమున కనిపించు విషయములు. ఆయన తన గుణములను గూర్చి చెప్పుకొనలేదు. అయినను, నీటి రుచిని, దారి ఎగుడుదిగుళ్లను ఇంత పట్టుదలగా గమనించి, వెనుక వచ్చువారికి ఉపయోగపడునని వ్రాసిపెట్టిన మనుష్యుడు ఎట్టివాడో మనకు తెలిసిపోవును. ఆయన దేశమును వ్రాసెను. దేశము ఆయనను చూపెను.

వీరాస్వామయ్య గారు కడప మీదుగా పోయిరి. ఆ కడప మండలపు చిట్టడవులలో తిరుగు ఒక పిట్ట కథ ఇప్పుడు చెప్పవలెను. అంతకుముందు ఆ కథకు మొదలైన మరియొక పిట్ట సంగతి.

బొంబాయిలో తల్లిదండ్రులు లేక మేనమామ ఇంట పెరుగుచున్న ఒక బాలుడు గాలితుపాకితో ఒక పిచ్చుకను కొట్టెను. చేతికి తీసికొని చూచునప్పటికి దాని కంఠమున పసుపుపచ్చని మచ్చ కనిపించెను. ఇది ఏ పిచ్చుక? మేనమామకు తెలియలేదు. ఆయన ఆ పిల్లవానిని బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు పంపెను. అక్కడి కార్యదర్శి మిల్లర్డ్ దొర ఆ పిచ్చుక పేరు చెప్పి, సంఘమువారు భద్రపరచిన పక్షులను సొరుగులు తీసి చూపెను. ఆ బాలుడే 1896లో జన్మించిన సాలిం ఆలీ. 1931లో హైదరాబాదు సంస్థానపు పక్షులను పరిశీలించి, ఎచ్చట ఏది దొరకునో వ్రాసినవారు ఆయనయే. 1941లో భారతదేశపు పక్షులను గూర్చి ఆయన వ్రాసిన పుస్తకము పక్షులను చూచు అలవాటును ఇంటింటికి తెచ్చినది. 1985లో, దాదాపు తొంబదియేండ్ల వయసున, స్వీయ చరిత్ర ప్రకటించి, దానికి ఆనాడు తన చేత నేలరాలిన పిచ్చుక పేరనే నామకరణము చేసిరి. 'ది ఫాల్ ఆఫ్ ఎ స్పారో' అని ఆ గ్రంథము పేరు.

ప్రకృతి రచనలో 'నేను' ఉండరాదన్న యువతి మాట ఇచ్చట తలపునకు వచ్చినది. 'నేను ఇంతవాడను' అను నేను ఉండరాదు, నిజమే. కాని 'ఈ పిచ్చుకను కొట్టినది నేను, దాని పేరు తెలియక అడిగినది నేను' అను నేను ఉండితీరవలెను. మొదటిది గొప్ప చెప్పుకొనుట, రెండవది సాక్ష్యము చెప్పుట. సాక్షి పేరు లేని సాక్ష్యము ఏ న్యాయస్థానమునను చెల్లదు గదా.

ఇక కడప పిట్ట. దానిని ఆ ప్రాంతమువారు కలివికోడి అందురు. ఛాతీపై రెండు పట్టెలు, పెద్ద కన్నులు, పొడుగు కాళ్లు. ముండ్లపొదల నడుమ నేలపై పరుగెత్తు పక్షి. నెల్లూరున ప్రభుత్వ వైద్యుడుగా ఉన్న జెర్డన్ దొర దానిని సేకరింపగా, 1848లో బ్లిత్ అను పండితుడు దానిని శాస్త్రలోకమునకు తెలిపెను. ఇంగ్లీషున దానికి జెర్డన్ పేరు నిలిచినది. 1900లో అనంతపురము వైపున ఒకరు చూచిరి. ఆ తరువాత ఎనుబదియారేండ్లు ఏ శాస్త్రజ్ఞుని కంటను అది పడలేదు. వెదకినవారు ఉన్నారు, దొరకలేదు. అంతరించినదేమోయని పుస్తకములు సందేహించినవి.

1986 జనవరిలో, సాలిం ఆలీ గారి ఆ బొంబాయి సంఘమునకు చెందిన భరత్ భూషణ్ గారు, పల్లెవారిని విచారించి, వారి తెలివిని ఆధారము చేసికొని వెదకగా, కడప మండలమున అది దొరికినది. దొరికినది పగలు కాదు. రాత్రి, దీపపు వెలుతురులో. అది రాత్రివేళ మేతకు తిరుగు పక్షి. రాత్రి తిరుగుదానిని పగలు వెదకి, లేదనుకొన్నారు. పట్టి చూపినవాడు ఐతన్న అను ఆ ఊరి వేటగాడు. పుస్తకములలో లేని పిట్ట ఆ పల్లెవారి మాటలలో ఆ ఎనుబదియారేండ్లును ఉన్నది. పోయినది పిట్ట కాదు. వారిని అడుగువాడు లేకపోయెను.

ఈ కథలో రెండు సంగతులు గమనింపదగినవి. ఛాతీపై రెండు పట్టెలని, తూర్పుకనుమల చెంత ఫలానా మండలములలోనిదని పూర్వము ఒకరు ఖచ్చితముగా వ్రాసిపెట్టిరి కనుకనే, తరువాతివారు ఏమి వెదకవలెనో ఎరిగి వెదకిరి. అందమైన పక్షి అని మాత్రమే వ్రాసియున్నచో, దొరికినను అదియే యని చెప్పుటకు వీలులేదు. దొరికిన తరువాత, 1988లో, ఆ అడవి శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యమైనది. తెలుగుగంగ కాలువ మార్గమును సైతము దాని కొరకు మార్చవలసి వచ్చినది. ఆ పిట్ట నేటికిని క్షేమమని ఎవ్వరును ధైర్యముగా చెప్పలేరు. అది అత్యంత అరుదైన పక్షులలో ఒకటి. కాని పేరు లేనిదాని పక్షమున ఎవరు వాదింపగలరు? వట్టి పిట్ట కొరకు ఏ కాలువయు పక్కకు జరుగదు.

ఇది మొదటి సంగతి. రెండవది, ఆ పక్షికి జెర్డన్ పేరు ఉన్నది. జెర్డన్ గారిని గూర్చి గ్రంథములలో చదువుకొనవచ్చును. చీకటిలో ఆ పొదల నడుమ ఎట్లు నడువవలెనో, దీపము ఎంత ఎత్తున పట్టవలెనో ఎరిగిన ఐతన్న పేరు మనలో ఎందరికి తెలియును? ఆ తెలివి ఆయనకు ఎవరు నేర్పిరి? ఏ వయసున నేర్చెను? పిట్ట చరిత్ర వ్రాయబోయినవాడు మనుష్యుని చరిత్రలో అడుగుపెట్టక తప్పదు. ఆనాటి గోష్ఠిలో ఇరువురు రచయితలు నిలిచిన రెండు గట్లనడుమ పారు నీరు ఇదియే.

ఇప్పుడు మా పంతులు గారి కడకు వచ్చెదను.

కుమార్తె ఉత్తరము చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆయనను గూర్చి నాకు నిజముగా ఏమి గుర్తున్నదని నన్ను నేను ప్రశ్నించుకొంటిని. కల్పవృక్షము గుర్తుకు రాలేదు. బడి వసారాలోని గోడ గుర్తుకు వచ్చినది.

మా ఊరు కొల్లేటికి దగ్గర. కార్తికమాసము వచ్చినచో చెరువులోనికి పరజలు దిగును. ఆ దినమున పంతులు గారు బడి మానిపించి, మమ్ములనందరిని గట్టుమీదికి నడిపించుకొని పోవువారు. తిరిగి వచ్చిన పిమ్మట వసారా గోడమీద బొగ్గుముక్కతో ఆనాటి తేదీ, పిట్ట పేరు, దానిని అందరికంటె ముందుగా చూచిన పిల్లవాని పేరు వ్రాసెడివారు. తొలకరి వాన పడిన దినము, బడి ముందరి వేప పూచిన దినము కూడ అట్లే. ఏటికేడు గోడ నిండుచు వచ్చినది. పేదపిల్లవాడు, కలవారి పిల్లవాడు అను భేదము ఆ గోడమీద లేదు. ముందు చూచినవానిదే పేరు. నాకు తొమ్మిదేండ్ల వయసున ఒక యేడు నా పేరు అక్కడ ఎక్కినది. ఆ తరువాత నాకు వచ్చిన ఏ పట్టమును నన్ను అంతగా సంతోషపెట్టలేదు.

ఇది నాకు గుర్తులేక కాదు ప్రసంగమున వదలివేసినది. సాహిత్య ప్రసంగమునకు గోడమీది బొగ్గుగీతలు తగవని వదలివేసితిని. ఆ తరువాత మా ఊరికి పోయి చూచితిని. బడికి సున్నము వేసి చాల ఏండ్లయినది. గోడ తెల్లగా, శుభ్రముగా ఉన్నది. నా ప్రసంగము వలెనే. పరజలు ఏ యేట ఏ తేదీన వచ్చినవో, ఆ పిల్లలెవరో – అన్నియు ఆ సున్నము క్రింద ఉన్నవి. ఆ గోడ మా చెరువునకు ప్రకృతి చరిత్ర. మా పంతులు గారికి జీవిత చరిత్ర. మా ఊరి పిల్లలకు స్వీయ చరిత్ర. మూడును ఒకేసారి పోయినవి.

ఇంటికి వచ్చి, జ్ఞాపకమున్నంతవరకు ఆ గోడను గూర్చి నాలుగు పుటలు వ్రాసితిని. ప్రసారమునకు కాదు, ఆ కుమార్తెకు ఉత్తరముగా పంపితిని. పది దినములకు జవాబు వచ్చినది. అందులో సగము ఆ తల్లి చెప్పగా వ్రాసినది. "అమ్మ రెండుసార్లు చదివించుకున్నది. బొగ్గు కాదట అన్నయ్యగారూ, జేగురు. బొగ్గు చెరిగిపోతుందని నాన్నగారు జేగురు రాయి అరగదీసి వ్రాసేవారట. చొక్కాలకు ఆ మరకలు పోక తాను ఉతకలేక చచ్చానని అమ్మ చెప్పి నవ్వింది."

శ్రోతలారా, నేను వ్రాసినది తప్పు. బొగ్గు కాదు, జేగురు. కాని నా మొదటి ప్రసంగములో ఒక్క తప్పును ఎవ్వరును పట్టలేదు. 'నిరాడంబరులు' అను మాటను ఎవరు దిద్దగలరు? దిద్దుటకు వీలైన మాట వ్రాసిన తరువాతనే ఆ తల్లికి తన భర్త కనబడినాడు. తిమోతి ఆడుదని తేలినది అందువలననే. కలివికోడి మరల దొరికినది అందువలననే. పిట్టను గూర్చి వ్రాయువాడైనను, మనుష్యుని గూర్చి వ్రాయువాడైనను, ఎరిగినవాడు ఒకడు లేచి "కాదండీ, అది ఇట్లు" అని చెప్పుటకు వీలుగా వ్రాయవలెను. ఆ రైతుకు ఆనాడు నేను చెప్పవలసిన సమాధానము ఇదియే.

ఈ కార్తికమున మా ఊరి చెరువునకు పోవలెనని ఉన్నది. పరజలు వచ్చిన దినము వ్రాసికొనెదను. వానిని ముందుగా చూచిన పిల్లవాని పేరును అడిగి వ్రాసెదను. చేతిలో జేగురు ముక్క ఉండును. గోడ ఇచ్చునది లేనిది ఇప్పటి పంతులు గారి దయ.